పలమనేరు దాకా బస్సులో వెళ్లి మార్చిన ఒక్క లైను: థిన్ క్లయింట్లను ఒకేచోటి నుంచి చూసుకోవడం గురించి

కొన్నేళ్ల కిందట ఒక సోమవారం పొద్దున తొమ్మిదిన్నరకి పలమనేరు బ్రాంచి మేనేజర్ గారు ఫోన్ చేశారు. క్యాష్ కౌంటర్ తెర మీద సర్వర్‌కి కనెక్ట్ కాలేదన్న మెసేజ్ తప్ప ఇంకేమీ రావడం లేదు, బయట జనం వరసలో నిలబడి ఉన్నారు. "ఏదో ఒకటి చెయ్యండి సార్" అంటారాయన. నేను ఫోన్లో ఎంత చెప్పినా అటెండర్‌కి ఆ సెట్టింగ్స్ పేజీ దొరకలేదు, దొరికాక అది పాస్‌వర్డ్ అడిగింది, ఆ పాస్‌వర్డ్ ఫోన్లో నలుగురి ముందు చెప్పేది కాదు. తిరుపతి బస్టాండులో ఎక్కి, చిత్తూరు దాటి, మొగిలి ఘాట్ ఎక్కి పలమనేరులో దిగేసరికి మధ్యాహ్నమైంది. అక్కడ నేను చేసిన పని మొత్తం నాలుగు నిమిషాలు. ముందు వారం మేం సర్వర్ అడ్రస్ మార్చాం, బ్రాంచి తర్వాత బ్రాంచికి వెళ్లి చేత్తో మార్చుకుంటూ వచ్చాం, ఆ కౌంటర్లోని ఒక్క థిన్ క్లయింట్ బాక్స్ మాత్రం ఆ రోజు ఆఫ్‌లో ఉండటంతో ఎవరి కంటా పడలేదు. ఒక్క లైను మార్చి, రీబూట్ చేసి, మళ్లీ బస్సెక్కాను.

నేను పనిచేసేది తిరుపతిలో ప్రధాన ఆఫీసు ఉన్న ఒక ఆర్థిక సంస్థలో. చిత్తూరు, పుత్తూరు, నగరి, శ్రీకాళహస్తి, పలమనేరు, పుంగనూరు, కుప్పం, ఇలా బ్రాంచిలు. అన్నీ కలిపి 180 దాకా థిన్ క్లయింట్లు. వీటిని ఒకేచోటి నుంచి నడపడానికి సాఫ్ట్‌వేర్ ఉందని అప్పటికే అందరికీ తెలుసు, మా దగ్గర కూడా కొనిపెట్టి ఉంది. కొన్నాక కూడా నేను పలమనేరు వెళ్లాల్సి వచ్చింది. ఎందుకంటే ఒక సెట్టింగ్ ఎక్కడ ఉండాలి, దాన్ని మార్చే హక్కు ఎవరిది అన్న విషయం మేం తేల్చుకోలేదు. సాఫ్ట్‌వేర్ కొనడం కష్టం కాదు, ఇది తేల్చుకోవడమే కష్టం. ఇక్కడ రాసేదంతా దాని గురించే.

ముందు బాక్స్ సంగతి. థిన్ క్లయింట్ అంటే అరచేతి కంటే కాస్త పెద్ద డబ్బా, చాలావాటిలో ఫ్యాన్ ఉండదు, హార్డ్ డిస్క్ ఉండదు, 8 జీబీ నుంచి 32 జీబీ దాకా ఫ్లాష్ మెమరీ ఉంటుంది. మీరు పనిచేసే డెస్క్‌టాప్, ఫైళ్లు, అకౌంట్ల సాఫ్ట్‌వేర్ అన్నీ ఎక్కడో సర్వర్‌లో ఉంటాయి. ఈ డబ్బా అక్కడి తెరను ఇక్కడ చూపిస్తుంది, ఇక్కడి కీబోర్డు, మౌస్ నొక్కుళ్లను అక్కడికి మోస్తుంది. ఆ మోసే పద్ధతి మైక్రోసాఫ్ట్ దైతే ఆర్‌డీపీ, సిట్రిక్స్‌ది అయితే హెచ్‌డీఎక్స్, ఒకప్పటి వీఎంవేర్ హొరైజన్‌ది అయితే బ్లాస్ట్ లేదా పీసీఓఐపీ. మిద్దె మీద ట్యాంకు సర్వర్ అనుకుంటే, ఇది వంటింట్లో కుళాయి.

ఈ పోలిక విన్నవాళ్లు వెంటనే "అయితే అందులో చూసుకోవడానికి ఏముంటుంది, ఖాళీ డబ్బాయే కదా" అంటారు. అమ్మేవాళ్లు కూడా దాదాపు అదే చెప్పి అమ్ముతారు. కాదు. ఏ సర్వర్‌కి వెళ్లాలి, ఏ పద్ధతిలో వెళ్లాలి, తెర రిజల్యూషన్ ఎంత, రెండో మానిటర్ కుడివైపా ఎడమవైపా, ఏ ప్రింటర్, కీబోర్డు లేఅవుట్ ఏది, గడియారం ఎక్కడ చూసి సరిచేసుకోవాలి, ఏ సర్టిఫికెట్‌ని (సర్వర్ చూపించే గుర్తింపు పత్రాన్ని) నమ్మాలి, యూఎస్‌బీలో ఏది పెడితే ఒప్పుకోవాలి ఏది పెడితే ఒప్పుకోకూడదు, ఎంతసేపు ఊరికే ఉంటే తెర లాక్ కావాలి, అడ్మిన్ పాస్‌వర్డ్ ఏమిటి, దాని సొంత ఫర్మ్‌వేర్ (డబ్బాని నడిపే లోపలి సాఫ్ట్‌వేర్) ఏ వెర్షన్, సిట్రిక్స్ లాంటి వాటి క్లయింట్ ప్రోగ్రాం ఏ వెర్షన్, ఇవన్నీ ఆ ఖాళీ డబ్బాలోనే ఉంటాయి. ఒక్కో బాక్స్‌కి ఇరవై సెట్టింగ్స్ అనుకున్నా 180 బాక్సులకి 3,600. వాటిలో ఒక్కటి తప్పినా ఒక కౌంటర్ ఆగిపోతుంది.

కాబట్టి ఆ 3,600 ఎక్కడ రాసిపెట్టుకోవాలన్నదే ప్రశ్న. బాక్సులో రాసి ఉంచి, సెంటర్‌లో ఒక కాపీ పెట్టుకోవడం ఒక పద్ధతి. సెంటర్‌లో రాసి ఉంచి, బాక్స్ ఎప్పుడు లేచినా అక్కడికొచ్చి తన పాఠం తను చదువుకుని వెళ్లడం రెండో పద్ధతి. చూడటానికి రెండూ ఒకేలా ఉంటాయి, రెండింటికీ ఒకే సాఫ్ట్‌వేర్ వాడొచ్చు కూడా. మేం మొదటిది చేస్తూ రెండోది చేస్తున్నామనుకున్నాం. బ్రాంచిలో ఎవరైనా బాక్స్ దగ్గర కూర్చుని ఏదైనా మార్చగలిగినంతకాలం మీరు చేస్తున్నది మొదటి పద్ధతే. ఆ మార్పు సెంటర్‌కి తెలియదు. సెంటర్‌కి తెలియని సెట్టింగ్ ఒక్కటున్నా, ఏదో ఒక సోమవారం దాని కోసం బస్సెక్కాల్సి వస్తుంది.

బాక్స్ తన యజమానిని ఎలా వెతుక్కుంటుంది

అట్టపెట్టె లోంచి తీసిన కొత్త బాక్స్‌కి ఏమీ తెలియదు. కరెంటు, నెట్‌వర్క్ కేబుల్ పెట్టగానే అది మొదట అడిగేది ఐపీ అడ్రస్, అంటే నెట్‌వర్క్‌లో తన చిరునామా. ఇచ్చేది డీహెచ్‌సీపీ సర్వర్. ఇక్కడే ఒక మంచి సదుపాయం ఉంది: డీహెచ్‌సీపీ ఐపీ అడ్రస్‌తో పాటు నంబర్లు వేసిన ఆప్షన్ల రూపంలో ఇంకొన్ని చీటీలు కూడా చేతిలో పెట్టగలదు. డెల్ వైస్ బాక్సులైతే ఆప్షన్ 165లో మేనేజ్‌మెంట్ సర్వర్ అడ్రస్ కోసం చూస్తాయి, 199లో ఏ గ్రూపులో చేరాలో చెప్పే టోకెన్ ఉంటుంది. ఐజెల్ వాళ్లవి ఆప్షన్ 224 చూస్తాయి. హెచ్‌పీ వాళ్ల డివైస్ మేనేజర్ 202 వాడుతుంది. నంబరు ఏదైనా చేసే పని ఒకటే: "నీ పెద్ద ఫలానా చోట ఉన్నారు, వెళ్లి కలువు" అని చెప్పడం.

హెడ్డాఫీసులో ఇది హాయిగా నడుస్తుంది, అక్కడ మనదే డీహెచ్‌సీపీ సర్వర్. చిక్కంతా బ్రాంచిల్లో. చాలా చిన్న బ్రాంచిల్లో ఐపీ అడ్రస్‌లు ఇచ్చేది ఇంటర్నెట్ కంపెనీ పెట్టి వెళ్లిన చిన్న రౌటర్, దాంట్లో ఇలాంటి సొంత ఆప్షన్లు రాసుకునే చోటే ఉండదు. అప్పుడు రెండో దారి డీఎన్ఎస్, అంటే పేరు చెప్తే అడ్రస్ చెప్పే ఏర్పాటు. ఐజెల్ బాక్స్ అయితే ఐజెల్‌ఆర్ఎంసర్వర్ అన్న పేరు నెట్‌వర్క్‌లో ఎక్కడుందని అడుగుతుంది, మీ డీఎన్ఎస్‌లో ఆ పేరుకి ఒక ఎంట్రీ పెట్టి ఉంచితే చాలు. వైస్ వాటికి కూడా డీఎన్ఎస్ రికార్డుల దారి ఉంది. మూడో దారి, బ్రాంచి రౌటర్ చేత ఐపీ ఇప్పించడం మానేసి, డీహెచ్‌సీపీ రిలే ద్వారా ఆ అడిగే పనిని హెడ్డాఫీసుకి పంపడం. మేం చివరికి ఈ మూడోదే పెట్టుకున్నాం, ఎందుకంటే దాంతో బాక్స్ ఏ కంపెనీదైనా జవాబు ఒకే చోటి నుంచి వెళ్తుంది. దీనికో నష్టం ఉంది. హెడ్డాఫీసు లైను పోతే బ్రాంచిలో కొత్తగా ఆన్ చేసిన దేనికీ ఐపీ రాదు. అందుకే లీజు కాలం, అంటే ఒకసారి ఇచ్చిన ఐపీ చెల్లే గడువు, ఎనిమిది రోజులు ఇచ్చాం, లైను కాసేపు పోయినా నిన్న ఐపీ తీసుకున్న బాక్సు చాలావరకు దాన్నే పట్టుకుని ఉంటుంది.

ఒక జాగ్రత్త ఇక్కడే చెప్పాలి. చీటీ ఎవరిచ్చినా నమ్మే బాక్స్ ప్రమాదం. ఎవరైనా బ్రాంచి నెట్‌వర్క్‌లో ఒక ల్యాప్‌టాప్ పెట్టి తప్పుడు డీహెచ్‌సీపీ జవాబులిస్తే, బాక్స్ తన పెద్ద వాళ్లేనని నమ్మి వాళ్ల మాట వినగలదు. దీన్ని ఆపేది సర్టిఫికెట్ తనిఖీ: మేనేజ్‌మెంట్ సర్వర్ చూపించే సర్టిఫికెట్ మనం నమ్మే సంస్థ ఇచ్చిందేనా అని బాక్స్ చూసుకోవాలి. సెటప్ తొందరలో చాలామంది ఈ తనిఖీని ఆపేసి, "తర్వాత ఆన్ చేద్దాం" అనుకుంటారు. ఆ తర్వాత ఎప్పటికీ రాదు. దయచేసి మొదటి రోజే ఆన్ చేయండి, మొదటి బాక్స్‌తోనే చేయండి.

అందరికీ ఒకే సాంబారు, తాతకి మాత్రం సంగటి

ఇప్పుడు అసలు మెలిక. బాక్స్ సెంటర్‌కి వచ్చింది, నేను ఫలానా సీరియల్ నంబరు, ఫలానా మ్యాక్ అడ్రస్ (నెట్‌వర్క్ కార్డుకి ఉండే సొంత నంబరు) అని చెప్పుకుంది. దానికి ఏ పాఠం ఇవ్వాలి?

దాదాపు అన్ని మేనేజ్‌మెంట్ సాఫ్ట్‌వేర్లలోనూ చెట్టు లాంటి ఒక అమరిక ఉంటుంది. పైన సంస్థ మొత్తానికి సెట్టింగ్స్, దాని కింద గ్రూపులు, ఆ కింద ఉపగ్రూపులు, చివర్న ఒక్కో బాక్స్. పైన రాసింది కిందికి దిగుతుంది, కింద వేరేగా రాస్తే కిందదే గెలుస్తుంది. ఇంట్లో అందరికీ ఒకే సాంబారన్నం, షుగరున్న తాతకి మాత్రం రాగిసంగటి అన్నట్టు. ఇందులో అర్థం కానిదేమీ లేదు. కష్టమల్లా సంగటి గిన్నెలు పెరిగిపోవడంతో, ఏ గిన్నె ఎవరి కోసం ఎందుకు పెట్టామో గుర్తుండకపోవడంతో వస్తుంది.

మా దగ్గర జరిగింది చెప్తాను. ఒక బ్రాంచిలో ఇంటర్నెట్ లైను నెమ్మదిగా ఉండేది, అక్కడి ఆరు బాక్సులకి తెర రంగుల నాణ్యత తగ్గిస్తే పని సాఫీగా సాగుతుందని చూసి, ఆ ఆరింటికీ విడివిడిగా కనెక్షన్ సెట్టింగ్స్ మార్చాను. పని జరిగింది, అందరూ సంతోషించారు. అయితే ఆ సాఫ్ట్‌వేర్‌లో కనెక్షన్ సెట్టింగ్స్ అన్నీ ఒకే మూట. నేను రంగుల నాణ్యత ఒక్కటే మార్చాననుకున్నా, బాక్స్ స్థాయిలో ఆ మూట మొత్తం సేవ్ అయింది, సర్వర్ అడ్రస్‌తో సహా. చాలా నెలల తర్వాత సర్వర్ అడ్రస్ పైన ఒక్కచోట మార్చాం. అన్ని బాక్సులూ మారాయి, ఆ ఆరు మారలేదు. పొద్దున్నే ఆ బ్రాంచిలో ఒక్క కౌంటర్ కూడా తెరుచుకోలేదు. సాఫ్ట్‌వేర్ తప్పేమీ లేదు, కింద రాసిందే గెలవాలన్నది దాని నియమం, అది దాన్నే పాటించింది.

అప్పటి నుంచి నేను పాటించే కట్టుబాటు ఒకటే: ఒక్క బాక్స్ మీద ఏదీ రాయను. ఎంత చిన్న మినహాయింపైనా దానికో పేరు పెట్టి ప్రొఫైల్‌గానో (ఏ బాక్స్‌కైనా తగిలించగల సెట్టింగ్స్ మూట) గ్రూపుగానో చేస్తాను. "నెమ్మది లైను" అని ఒకటి, "రెండు మానిటర్లు" అని ఒకటి, "వేలిముద్ర మెషిన్ ఉన్న కౌంటర్" అని ఒకటి. ఒక్క బాక్స్‌కే వర్తించినా సరే, పేరున్న ప్రొఫైలే. దాంట్లో మార్చాల్సిన ఆ ఒక్క సెట్టింగ్ తప్ప మరేదీ ఉండకూడదు. పేరుంటే ఏడాది తర్వాత వచ్చినవాళ్లకి కూడా అది ఎందుకుందో తెలుస్తుంది, అవసరం తీరాక తీసేయొచ్చు. బాక్స్ మీద రాసిన మినహాయింపుకి పేరుండదు, పేరు లేనిదాన్ని ఎవరూ వెతకరు.

ఐజెల్ లాంటి వాటిలో ఒక బాక్స్‌కి ఒకేసారి నాలుగైదు ప్రొఫైళ్లు తగిలించొచ్చు. రెండు ప్రొఫైళ్లు ఒకే సెట్టింగ్‌ని రెండు రకాలుగా చెప్తే ఎవరి మాట గెలుస్తుంది? దానికి వాళ్ల నియమం వాళ్లకుంది, బాక్స్‌కి దగ్గరగా తగిలించింది గెలవడం మామూలు, కింది వాటిని తోసేసే ప్రత్యేక ప్రొఫైళ్లు కూడా ఉంటాయి. నా అభిప్రాయం అడిగితే, ఆ నియమాన్ని బట్టీ పట్టే అవసరమే రాకుండా చూసుకోవడం మంచిది. ఒక సెట్టింగ్ ఒకే ప్రొఫైల్‌లో ఉండాలి. ప్రింటర్ విషయం ప్రింటర్ ప్రొఫైల్ తప్ప ఇంకెవరూ మాట్లాడకూడదు. చివరికి ఈ బాక్స్‌కి ఏ విలువ ఎక్కడి నుంచి వచ్చిందో చూపించే పేజీ సాఫ్ట్‌వేర్‌లో ఉందో లేదో కొనేముందే అడగండి. నేను డెమోలో మొదట చూసేది ఆ పేజీనే.

గ్రూపులు దేన్ని బట్టి చేయాలన్నది కూడా అందరూ అడుగుతారు. ఊర్లను బట్టా, పనిని బట్టా? మేం మొదట ఊర్ల ప్రకారం చేశాం, తప్పని తేలింది. నగరి క్యాష్ కౌంటర్‌కీ పుంగనూరు క్యాష్ కౌంటర్‌కీ తేడా ప్రింటర్ అడ్రస్ లాంటి రెండు మూడు విషయాల్లోనే, కానీ ఒకే బ్రాంచిలోని క్యాష్ కౌంటర్‌కీ మేనేజర్ గదికీ తేడా చాలా ఎక్కువ. ఇప్పుడు చెట్టు పనిని బట్టి ఉంది, ఊరు మాత్రం చిన్న ప్రొఫైల్. జూన్, జూలైల్లో తోతాపురి మామిడి దిగుబడి వచ్చి దామలచెరువు, బంగారుపాళ్యం వైపు రైతుల చెల్లింపులు పెరిగినప్పుడు మేం తాత్కాలిక కౌంటర్లు పెడతాం. పనిని బట్టి గ్రూపులుండటం వల్ల, బీరువాలోంచి స్పేర్ బాక్స్ తీసి "క్యాష్ కౌంటర్" గ్రూపులో వేస్తే ఆ సాయంత్రానికే కౌంటర్ సిద్ధం. ఆగస్టులో తీసి మళ్లీ బీరువాలో పెట్టేస్తాం.

అప్‌డేట్ పంపడం అంటే

సెట్టింగ్ పంపడం తేలిక, కొన్ని కిలోబైట్లు. ఫర్మ్‌వేర్ పంపడం అలా కాదు. ఒక ఇమేజ్, అంటే ఫర్మ్‌వేర్ మొత్తం ఉన్న ఫైల్, 1 జీబీ అనుకోండి. బ్రాంచిలో 12 బాక్సులు, లైను 10 ఎంబీపీఎస్. 12 జీబీ ఆ లైను మీద దిగడానికి, ఇంకెవరూ వాడకపోయినా, 2 గంటల 40 నిమిషాలు పడుతుంది. పని వేళల్లో పెడితే ఆ బ్రాంచిలో ఎవరి తెరా కదలదు. అందుకే బ్రాంచిలోనే ఒక కాపీ ఉంచే ఏర్పాటు కావాలి. వైస్ మేనేజ్‌మెంట్ సూట్‌లో రిమోట్ రిపాజిటరీ, ఐజెల్‌లో బడ్డీ అప్‌డేట్, పేర్లు వేరు కానీ ఆలోచన ఒకటే: ఒక్కరు దించుకుని మిగతావాళ్లకి పక్కనుంచే పంచడం. అప్పుడు బయటి లైను మీద దిగేది ఒక్క జీబీ, 14 నిమిషాల లోపు పని.

రాత్రి పంపుదామంటే బాక్సులన్నీ ఆఫ్‌లో ఉంటాయి. నెట్‌వర్క్ నుంచే నిద్ర లేపే వేక్ ఆన్ ల్యాన్ అన్నది ఉంది. అది పంపే ప్యాకెట్‌లో ఉండేది 102 బైట్లే: ఎఫ్ఎఫ్ అన్న బైట్ ఆరు సార్లు, ఆ తర్వాత ఆ బాక్స్ మ్యాక్ అడ్రస్ పదహారు సార్లు. కానీ అది సాధారణంగా బ్రాడ్‌కాస్ట్‌గా, అంటే ఆ నెట్‌వర్క్‌లో ఉన్న అందరికీ ఒకేసారి వెళ్తుంది, బ్రాడ్‌కాస్ట్‌లు రౌటర్ దాటవు. తిరుపతిలో నొక్కితే కుప్పంలో లేవదు. బ్రాంచిలో ఎప్పుడూ ఆన్‌లో ఉండే ఏదో ఒకటి ఆ లేపే పని చేయాలి. చాలా సాఫ్ట్‌వేర్లు అక్కడే ఆన్‌లో ఉన్న మరో బాక్స్ చేత ఆ పని చేయిస్తాయి. మా పద్ధతి ఇంకా తేలిక. సాయంత్రం యూజర్ షట్‌డౌన్ నొక్కినప్పుడు, అప్‌డేట్ ఏదైనా వరసలో ఉంటే బాక్స్ ముందు అది పూర్తి చేసుకుని ఆ తర్వాతే ఆగుతుంది.

ఫర్మ్‌వేర్ రాస్తుండగా కరెంటు పోతే? మన వైపు వేసవి సాయంత్రాల్లో గాలివాన వస్తే కరెంటు పోవడం కొత్త కాదు. రెండు భాగాలు పెట్టుకుని, కొత్తది రెండో భాగంలో రాసి, అది సరిగ్గా లేస్తేనే దానికి మారే బాక్సులు ఈ దెబ్బ తట్టుకుంటాయి. అలా లేనివి ఇటుకరాయి అయిపోతాయి. కాబట్టి యూపీఎస్ సర్వర్‌కి మాత్రమే చాలదు, బ్రాంచి బాక్సులకీ స్విచ్‌కీ కూడా ఉండాలి.

విండోస్ ఉన్న బాక్సులు మరో రకం. విండోస్ ఐఓటీ ఎంటర్‌ప్రైజ్‌లో యూనిఫైడ్ రైట్ ఫిల్టర్ అని ఒకటి ఉంటుంది, ఆన్ చేస్తే ఆ తర్వాత చేసే మార్పులన్నీ మామూలుగా ర్యామ్‌లోనే ఉండి, రీబూట్ కాగానే చెరిగిపోతాయి. ఇది చాలా మంచిది, ఎవరు ఏం పాడుచేసినా రీబూట్‌తో శుభ్రం. కానీ అదే ఫిల్టర్ మనం వేసే అప్‌డేట్‌ని కూడా చెరిపేస్తుంది. ముందు ఫిల్టర్ ఆపాలి, రీబూట్ చేయాలి, అప్‌డేట్ వేయాలి, ఫిల్టర్ మళ్లీ ఆన్ చేయాలి, మళ్లీ రీబూట్ చేయాలి. చేతితో ఒక బాక్స్‌కి చేస్తే నలభై నిమిషాలు. మేనేజ్‌మెంట్ సాఫ్ట్‌వేర్ ఆ వరస మొత్తాన్ని తనే నడిపిస్తుంది. అయితే మధ్యలో ఆగిపోతే ఫిల్టర్ ఆఫ్‌లోనే ఉండిపోయిన బాక్సులు మిగులుతాయి, అవి అన్నిటికంటే ప్రమాదం. అప్‌డేట్ మరుసటి రోజు నేను మొదట తీసే రిపోర్టు అదే: ఎన్నింటిలో ఫిల్టర్ ఆఫ్‌లో ఉంది.

ఇక వరస. ఒకేచోటి నుంచి అన్నిటినీ సరిచేయగలిగితే, ఒకేచోటి నుంచి అన్నిటినీ పాడుచేయగలం కూడా. ఏ మార్పైనా ముందు నా టేబుల్ మీది బాక్స్‌కి, అది రెండు రోజులు బాగుంటే తిరుపతిలోనే ఉన్న ఒక బ్రాంచికి, తేడా వస్తే పదిహేను నిమిషాల్లో వెళ్లగలను కనుక, వారం గడిచాకే మిగతావాటికి. నెలాఖరులో మూడు రోజులు ఏదీ ముట్టుకోం. బ్రహ్మోత్సవాలప్పుడు కూడా అంతే, ఆ రోజుల్లో ఊరంతా జనం, బస్సులు దొరకవు, ఏదైనా తేడా వస్తే బ్రాంచికి చేరడమే గగనం.

గడియారం

దీన్ని ఎవరూ పట్టించుకోరు, కానీ నా రాత్రుల్ని ఎక్కువ పాడుచేసింది ఇదే. బాక్స్ లోపల ఒక గుండ్రటి చిన్న బ్యాటరీ ఉంటుంది, నాలుగైదేళ్లకి అయిపోతుంది. ఆ తర్వాత కరెంటు తీసి పెట్టిన ప్రతిసారీ తేదీ వెనక్కి, ఎప్పటి ఏడాదికో వెళ్లిపోతుంది. పాత తేదీలో ఉన్న బాక్స్‌కి మన సర్టిఫికెట్ ఇంకా పుట్టనిదిగా కనిపిస్తుంది, కాబట్టి అది మేనేజ్‌మెంట్ సర్వర్‌ని నమ్మదు. నమ్మదు కాబట్టి మాట్లాడదు. మాట్లాడదు కాబట్టి సరైన టైమ్ సర్వర్ అడ్రస్‌ని సెంటర్ నుంచి దానికి పంపలేం. విండోస్ డొమైన్‌లో లాగిన్‌కీ ఇదే గతి, అక్కడ లాగిన్‌ని తనిఖీ చేసే కెర్బరాస్ మామూలుగా 5 నిమిషాల తేడా దాటితే ఒప్పుకోదు.

దీనికి మందు, టైమ్ సర్వర్ అడ్రస్‌ని మేనేజ్‌మెంట్ సర్వర్ మీద ఆధారపడకుండా బాక్స్‌కి అందేలా చేయడం. డీహెచ్‌సీపీ ఆప్షన్ 42 అందుకే ఉంది, మీ బాక్సులు దాన్ని చదువుతాయో లేదో చూసుకోండి. ఇంకొకటి కూడా ఉంది. 2022 ఏప్రిల్ 28న కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాల ప్రకారం సంస్థలు తమ వ్యవస్థల గడియారాలను ఎన్ఐసీ (నేషనల్ ఇన్ఫర్మాటిక్స్ సెంటర్) లేదా నేషనల్ ఫిజికల్ లేబొరేటరీ టైమ్ సర్వర్లతో గానీ, వాటితో కలిసి నడిచే సర్వర్లతో గానీ సరిచూసుకోవాలి, లాగులు (ఎప్పుడు ఏం జరిగిందో సిస్టమ్ రాసుకునే రికార్డులు) 180 రోజులు దాచాలి, సైబర్ ఘటన తెలిసిన 6 గంటల్లో తెలియజేయాలి. తప్పు గడియారంతో రాసిన లాగు దాచినా ఉపయోగం లేదు. ఒక సర్వర్ బయట సరిచూసుకుని, బ్రాంచిలన్నీ ఆ సర్వర్‌ని చూసేలా మేం పెట్టాం.

కన్సోల్ తాళం ఎవరి దగ్గర

180 బాక్సుల మీద ఏదైనా చేయగలిగే ఒక వెబ్ పేజీ ఉందంటే, దాని పాస్‌వర్డ్ బ్యాంకు లాకర్ తాళంచెవి లాంటిది. ఎవరి లాగిన్ వాళ్లకి ఉండాలి, ఓటీపీ ఉండాలి, ఆ పేజీ బయటి ఇంటర్నెట్‌కి కనబడకూడదు. హెల్ప్‌డెస్క్‌లో ఉన్నవాళ్లు తెర చూడగలగాలి, రీబూట్ చేయగలగాలి, అంతవరకే. ప్రొఫైల్ మార్చే హక్కు ఇద్దరికి చాలు. తెర చూసేటప్పుడు అవతలి యూజర్‌కి "చూడొచ్చా" అని అడిగే మెసేజ్ తప్పకుండా వచ్చేలా పెట్టండి. క్యాష్ కౌంటర్లో కూర్చున్న ఆవిడ తెరను ఆవిడకి తెలియకుండా చూడటం తప్పు, సాంకేతికంగా వీలైనా సరే.

యూఎస్‌బీ విషయంలో పరికరాల్ని వాటి తరగతిని బట్టి ఆపొచ్చు. పెన్‌డ్రైవ్‌లు తరగతి 08, కీబోర్డు మౌస్ 03, డిజిటల్ సంతకం టోకెన్ల లాంటి స్మార్ట్‌కార్డు పరికరాలు 0బీ. మేం 08ని మొత్తం ఆపేశాం. వేలిముద్ర మెషిన్లని మాత్రం తయారీదారు నంబరు, మోడల్ నంబరు చూసి పేరుపేరునా ఒప్పుకున్నాం. తెలుగు కీబోర్డు గురించి కూడా ఒక మాట: బాక్స్‌లో ఇంగ్లిష్ లేఅవుటే ఉంచి, తెలుగుని సర్వర్‌లోని సెషన్‌లో పెట్టుకోండి. రెండుచోట్లా పెడితే ఒకదానిమీద ఒకటి పడి, "క" నొక్కితే ఇంకేదో వస్తుంది, మూలం ఎక్కడుందో పట్టుకోవడానికి ఒక పూట పోతుంది.

మేనేజ్‌మెంట్ సర్వర్ పడిపోతే అన్నీ ఆగిపోతాయా అని మా పెద్దసారు ఒకసారి టెన్షన్‌గా అడిగారు. ఆగవు. బాక్స్ చివరిసారి చదువుకున్న పాఠం దాని దగ్గరే ఉంటుంది, జనం పని చేసుకుంటూనే ఉంటారు, కొత్త మార్పులు మాత్రం వెళ్లవు. కానీ ఆ సర్వర్ డేటాబేస్ బ్యాకప్ లేకుండా పోతే, 180 బాక్సులూ అనాథలైనట్టే, మళ్లీ ఒక్కొక్కటిగా చేర్చుకోవాలి. బ్యాకప్‌తో పాటు ఆ సర్వర్ సర్టిఫికెట్, దాని కీ కూడా దాచాలి. కొత్త సర్వర్ అదే సర్టిఫికెట్ చూపించకపోతే పాత బాక్సులు దాన్ని గుర్తుపట్టవు.

ఏ కంపెనీది కొనాలన్న ప్రశ్నకి ఎక్కువ చెప్పను. కంపెనీ సొంత టూల్ దాని సొంత బాక్సులకి బాగుంటుంది, పది రకాల బాక్సులుంటే ఐజెల్, స్ట్రాటోడెస్క్ లాంటి, ఎవరి హార్డ్‌వేర్ మీదైనా కూర్చునే సిస్టమ్ చూడాలి. పేర్లు మారుతుంటాయి: వైస్‌ని డెల్ 2012లో కొంది, హొరైజన్ 2024లో వీఎంవేర్ నుంచి విడిపోయి ఆమ్నిసా అయింది. కాబట్టి మీ ప్రొఫైళ్లలో ఏముందో సాఫ్ట్‌వేర్ బయట ఒక మామూలు షీటులో కూడా రాసిపెట్టుకోండి. కాలేజీ ల్యాబులకైతే 1999లో మొదలైన ఎల్‌టీఎస్‌పీ (లినక్స్ టెర్మినల్ సర్వర్ ప్రాజెక్ట్) ఉంది, ఉచితం, బాక్స్ నెట్‌వర్క్ నుంచే బూట్ అవుతుంది, లోపల ఏమీ దాచుకోదు, సెట్టింగ్స్ అన్నీ సర్వర్‌లో ఒకే ఫైల్‌లో ఉంటాయి. ఇప్పటి ఎల్‌టీఎస్‌పీలో ప్రోగ్రాములు ఎక్కువగా క్లయింట్ ప్రాసెసర్ మీదే నడుస్తాయి కనుక మరీ బలహీనమైన బాక్సులు సరిపోవు.

మొన్న వానాకాలంలో శ్రీకాళహస్తి బ్రాంచిలో పిడుగు పడ్డ రాత్రి తర్వాత ఒక బాక్స్ లేవలేదు. అక్కడి అటెండర్ ఫోన్ చేసి, "సార్, ఆన్ కావట్లేదు, వాసన వస్తోంది" అన్నాడు. "పక్కన పెట్టెయ్యి నాయనా, బీరువాలో కొత్తది ఉంది, దాని వెనకున్న సీరియల్ నంబరు చదువు" అన్నాను. అతను చదివాడు, నేను ఆ నంబర్ని "క్యాష్ కౌంటర్" గ్రూపులో వేసి, శ్రీకాళహస్తి ప్రొఫైల్ తగిలించాను. అతను కేబుల్ పెట్టాడు. బాక్స్ ఒకసారి రీబూట్ అయింది, తన పేరు తను చదువుకుంది, లాగిన్ తెర చూపించింది. పన్నెండు నిమిషాలు. కౌంటర్ తెరిచాక నేను చేసిన పని, కాలిపోయిన బాక్స్ సీరియల్ నంబర్ని కన్సోల్ లోంచి తీసేసి, దాని సర్టిఫికెట్ రద్దు చేయడం.